జీవో వచ్చింది, బడ్జెట్ రాలేదు: మిస్సోరీ అమెండ్‌మెంట్ 2 కేసు

ట్రెజరీలో పనిచేసిన ఎవరి దగ్గరైనా "జీవో వచ్చింది, బడ్జెట్ రాలేదు" అనండి, మిగతా కథ చెప్పక్కర్లేదు, వాళ్లకి అర్థమైపోతుంది. నేను గుంటూరు జిల్లాలో ఒక సబ్ ట్రెజరీలో ఆరేళ్లు జూనియర్ అకౌంటెంట్‌గా చేశాను, తర్వాత మా ఆయన ఉద్యోగం వల్ల అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ వచ్చాం, ఇప్పుడు ఇక్కడ ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో ఎన్‌రోల్‌మెంట్ కౌన్సెలర్‌ని. అంటే ఇన్సూరెన్స్ లేనివాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, జీతం స్లిప్పులు చూసి, దేనికి ఎలిజిబులో చెప్పి, అప్లికేషన్ నింపించి పంపడం నా పని. ఆ ఉద్యోగం వేరు ఈ ఉద్యోగం వేరు అనుకునేదాన్ని, 2021లో ఆ రెండూ ఒకే టేబుల్ మీదకి వచ్చాయి. మిస్సోరీ జనం ఓటేసి గెలిచిన మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) హక్కుని ట్రెజరీ గడప దగ్గర ఎలా ఆపారు, మళ్లీ అది ఎలా కదిలింది అని చాలామంది అడుగుతుంటారు, అందుకే ఆ కేసు మొత్తం ఒకచోట రాస్తున్నా, నేను చేసిన తప్పుతో సహా.

ముందు ఏం పాసైందో చెప్తా. మిస్సోరీలో 1908 నుంచీ జనం సంతకాలు సేకరించి నేరుగా రాష్ట్ర రాజ్యాంగాన్నే మార్చుకోవచ్చు, మన దగ్గర అలాంటిది లేదు, మనం ఎమ్మెల్యేని ఎన్నుకుంటాం, అంతవరకే. ఇక్కడ గవర్నర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఎన్నికలో పోలైన ఓట్లలో 8 శాతం మంది సంతకాలు, అదీ 8 కాంగ్రెస్ నియోజకవర్గాల్లో కనీసం 6 చోట్ల తెస్తే, ప్రశ్న బ్యాలెట్ మీదకి వస్తుంది. అలా మూడు లక్షలకు పైగా సంతకాలతో వచ్చిందే అమెండ్‌మెంట్ 2. 2020 ఆగస్టు 4న ఓటింగ్, కోవిడ్ మధ్యలో, 53 శాతం పైన ఓట్లతో గెలిచింది. రాజ్యాంగంలో ఆర్టికల్ 4కి 36(సీ) అని కొత్త సెక్షన్ చేరింది. 19 నుంచి 64 ఏళ్ల వాళ్లలో, ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 133 శాతం లోపు ఉన్న ప్రతివాళ్లకీ మెడికెయిడ్ ఇవ్వాలి (లెక్కలో ఇంకో 5 శాతం వెసులుబాటు ఉంటుంది కాబట్టి వాడుకలో 138 అంటాం), 2021 జూలై 1 నుంచి మొదలవ్వాలి, మార్చి 1 లోపు కేంద్రానికి ప్లాన్ కాగితాలు పంపాలి, వీళ్లకి వేరేవాళ్లకి లేని అదనపు షరతులు పెట్టకూడదు. ఇదీ సారాంశం. ఇక్కడ మెడికెయిడ్‌కి మో హెల్త్‌నెట్ అని పేరు.

138 శాతం అంటే 2021లో ఒంటరి మనిషికి ఏడాదికి 17,774 డాలర్లు. అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో చెప్తే గాని ఆ అంకె విలువ తెలీదు. పిల్లల్లేని పెద్దవాళ్లకి, ఎంత పేదవాళ్లయినా, వైకల్యం లేకపోతే మెడికెయిడ్ అసలు లేదు. పిల్లలున్న తల్లిదండ్రులకైతే ముగ్గురున్న ఇంట్లో ఏడాదికి 5,000 డాలర్లు కూడా దాటకూడదు. నెలకి కాదండీ, ఏడాదికి. ఇంకోవైపు ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో 2021కి ఇన్సూరెన్స్ కొనుక్కోవాలంటే ఒంటరి మనిషికి ఏడాది ఆదాయం కనీసం 12,760 ఉండాలి. కాబట్టి 11,000 సంపాదించే మనిషికి అక్కడా లేదు ఇక్కడా లేదు. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది, ఇలా మధ్యలో పడ్డవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకునేదాన్ని, జూలై 1 రాగానే ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దామని.

ఇక డబ్బు సంగతి, నాకు బాగా తెలిసిన భాగం ఇదే. మన రాజ్యాంగంలో 266(3) ఏం చెప్తుంది, చట్టం ప్రకారం తప్ప కన్సాలిడేటెడ్ ఫండ్ (ప్రభుత్వ ఖజానా) నుంచి పైసా తీయకూడదు అని. 204 కింద అసెంబ్లీ అప్రోప్రియేషన్ బిల్లు (డబ్బు కేటాయించే బిల్లు) పాస్ చేస్తేనే తాళం తీసుకుంటుంది. మిస్సోరీ రాజ్యాంగంలోనూ అచ్చం అదే ఉంది, చదివినప్పుడు నాకు సొంతూరి బోర్డు చూసినట్టు అనిపించింది. ఆర్టికల్ 3 సెక్షన్ 36లో, రాష్ట్రానికి ఏ రూపంలో వచ్చిన రెవెన్యూ అయినా ట్రెజరీలోకే పోవాలి, చట్టం చేసిన అప్రోప్రియేషన్ లేకుండా బయటికి రాకూడదు అని ఉంది. దాని కిందే కేటాయింపులు ఏ వరుసలో చెయ్యాలో కూడా రాశారు, మొదట అప్పుల వడ్డీలు, రెండోది చదువు, మూడోది పన్నులు మదింపు వేసి వసూలు చేసే ఖర్చు, ప్రజారోగ్యం ఆరోది, అన్నిటికన్నా చివర ఎనిమిదోది శాసనసభ సొంత ఖర్చు. ఆ చివరి లైన్ రాసినవాళ్లకి నేను దణ్ణం పెడతా.

ఆర్టికల్ 4 సెక్షన్ 28 అయితే పూర్తిగా మా పాత ఆఫీసు మాటే. వారెంట్ (చెల్లింపు ఉత్తర్వు) లేకుండా ట్రెజరీ నుంచి డబ్బు తీయకూడదు, ఈ ఖర్చు శాసనసభ చెప్పిన పర్పస్‌లోనే ఉందని, ఆ హెడ్‌లో (పద్దులో) ఖర్చుపెట్టకుండా మిగిలిన బ్యాలెన్స్ ఉందని అధికారి సర్టిఫై చెయ్యాలి, సర్టిఫై చేసిన వెంటనే అంత మొత్తాన్ని పుస్తకాల్లో ఆ హెడ్ మీద బ్లాక్ చెయ్యాలి. మన దగ్గర ఎస్టీవో (సబ్ ట్రెజరీ ఆఫీసర్) గారు ఏం చూసేవారు? డీడీవో (బిల్లు పెట్టే అధికారి) సంతకం నమూనాతో కలిసిందా, హెడ్ ఆఫ్ అకౌంట్ కరెక్టా, ఆ హెడ్‌లో బడ్జెట్ ఉందా. లేకపోతే ఆబ్జెక్షన్ పెట్టి బిల్లు రిటర్న్. టీచర్ల ఏరియర్స్ బిల్లులు జీవో జిరాక్స్ పిన్ చేసి మరీ తెచ్చేవాళ్లు, "అమ్మా, గవర్నమెంటే ఇమ్మంది కదా" అని. ఇమ్మంది నిజమే, బీఆర్వో (బడ్జెట్ విడుదల ఉత్తర్వు) రాలేదు. ఆ మాట వాళ్ల ముఖం చూసి చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్లకే తెలుసు.

గవర్నర్‌కి కూడా ఇక్కడ మన ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ లాంటి పగ్గం ఉంది. ఆర్టికల్ 4 సెక్షన్ 27 ప్రకారం విడతలవారీగా విడుదల చెయ్యొచ్చు, రెవెన్యూ అంచనా కన్నా తక్కువొస్తే కేటాయించిన దానిలో కోత కూడా పెట్టొచ్చు.

ఇంకో సెక్షన్ ఉంది, కేసు మొత్తం దాని చుట్టూనే తిరిగింది. ఆర్టికల్ 3 సెక్షన్ 51. జనం సంతకాలతో తెచ్చే ఇనిషియేటివ్‌ని డబ్బు కేటాయించడానికి వాడకూడదు, ఆ ఇనిషియేటివ్ తనే కొత్త ఆదాయం సృష్టిస్తే ఆ ఆదాయం వరకు మాత్రమే కేటాయించొచ్చు. ఇందులో న్యాయం ఉందండీ. ప్రతి గ్రూపూ వచ్చి నాకింత రాసివ్వమని బ్యాలెట్ మీద పెడితే, పన్ను ఎవరేస్తారు? అమెండ్‌మెంట్ 2లో కొత్త పన్ను ఒక్క పైసా లేదు. బ్యాలెట్ పేపర్ మీద రాసిన ఖర్చు అంచనా అయితే ఇంకా విచిత్రం, 2026 నాటికి రాష్ట్రానికి ఏడాదికి కనీసం 200 మిలియన్ డాలర్ల అదనపు ఖర్చు నుంచి 1 బిలియన్ ఆదా వరకు ఏదైనా కావచ్చు అని, మొదట్లో ఒక్కసారికి 6.4 మిలియన్ ఖర్చు అని. ఖర్చో ఆదానో కూడా తేల్చని అంచనా చూసి ఓటరు ఏం నిర్ణయించుకోవాలి? కొత్తగా చేరేవాళ్ల ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది, 10 శాతం రాష్ట్రానిది, అది మాత్రం ఖాయం. 2021 మార్చిలో వచ్చిన కేంద్ర చట్టం, కొత్తగా ఎక్స్‌పాన్షన్ (మెడికెయిడ్‌ని ఇలా కొత్తవాళ్లకి విస్తరించడం) మొదలుపెట్టే రాష్ట్రాలకి పాత మెడికెయిడ్ ఖర్చు మీద కూడా రెండేళ్లు అదనంగా 5 శాతం పాయింట్లు ఇస్తామంది. అంటే మొదటి రెండేళ్లు డబ్బు సమస్యే కాదు, కాబట్టి "డబ్బుల్లేవు" అన్న మాట నేను ఒప్పుకోను, "ఇవ్వదల్చుకోలేదు" అంటే అది వేరే సంగతి.

అప్పటి గవర్నర్ మైక్ పార్సన్ ఎక్స్‌పాన్షన్‌కి వ్యతిరేకి, అయినా జనం తీర్పు కాబట్టి 2021 జనవరిలో తన బడ్జెట్ ప్రతిపాదనలో దాదాపు 1.9 బిలియన్ డాలర్లు పెట్టారు, అందులో రాష్ట్ర జనరల్ రెవెన్యూ వాటా 130 మిలియన్ల దాకా. ప్లాన్ కాగితాలు కూడా కేంద్రానికి వెళ్లాయి. ఆ రోజు నోట్‌బుక్‌లో ఇంకో పేజీ మొదలుపెట్టా. హౌస్ (శాసనసభలో కింది సభ) బడ్జెట్ కమిటీ ఏం చేసిందంటే ఆ డబ్బుని అసలు బడ్జెట్‌లోంచి తీసి విడిగా ఒక బిల్లు చేసింది, ఆ బిల్లుని కమిటీలోనే ఓడించింది. ఆ డబ్బు వేరే పద్దులకి మళ్లింది. పై సభ సెనేట్‌లో మళ్లీ పెట్టబోతే అదీ ఓడింది. పల్లెటూళ్ల సభ్యులు కొందరు మా నియోజకవర్గం దీనికి వ్యతిరేకంగా ఓటేసింది, మేం మా వాళ్ల మాట వింటున్నాం అన్నారు. రాష్ట్రం మొత్తం ఓటు కదా అది, నియోజకవర్గాలవారీ ఓటు కాదు కదా, ఆ వాదన నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మే 13న గవర్నర్ ప్లాన్ కాగితాలు వెనక్కి తీసుకున్నారు, డబ్బు కేటాయించలేదు కాబట్టి మొదలుపెట్టలేం అని.

మే 20న, ఎలిజిబులైన ముగ్గురు మహిళలు కేసు వేశారు, డోయిల్ వర్సెస్ టిడ్‌బాల్, టిడ్‌బాల్ అంటే అప్పటి సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్ తాత్కాలిక డైరెక్టర్. జూన్ 23న కోల్ కౌంటీ సర్క్యూట్ కోర్టు (కింది కోర్టు) జడ్జి జాన్ బీటెం తీర్పు, అమెండ్‌మెంట్ 2 చెల్లదు. కారణం ఆ సెక్షన్ 51. కొత్త ఆదాయం చూపకుండా రాష్ట్రాన్ని ఖర్చు చెయ్యమంటోంది, అంటే దొడ్డిదారిన డబ్బు కేటాయిస్తున్నట్టే, శాసనసభ చేతిలోని ఖజానా తాళం లాక్కుంటున్నట్టే అని. ఆ తీర్పులో పస లేదని అనను. 1974లో ఇదే రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక ఊరి ఫైర్ సిబ్బంది జీతాల గురించి వచ్చిన ఇనిషియేటివ్‌ని ఇదే సెక్షన్ కింద కొట్టేసింది, కౌన్సిల్‌కి ఇవ్వాలా వద్దా అనే స్వేచ్ఛ మిగల్చలేదని.

చిత్రమేంటంటే ఆ జూన్ నెలలోనే శాసనసభ స్పెషల్ సెషన్ పెట్టుకుని ఇంకో మెడికెయిడ్ గొడవ పడుతోంది. మిస్సోరీ మెడికెయిడ్‌లో రాష్ట్ర వాటా పెద్ద భాగం జనరల్ రెవెన్యూ నుంచి రాదు, హాస్పిటళ్లు, నర్సింగ్‌హోమ్‌లు, ఫార్మసీలు కట్టే ప్రత్యేక పన్ను నుంచి వస్తుంది, ఎఫ్ఆర్ఏ అంటారు, 1990ల మొదట్లో మొదలైంది. హాస్పిటల్ కట్టిన పన్ను చూపించి రాష్ట్రం కేంద్రం నుంచి వాటా తెచ్చుకుని, మళ్లీ వైద్యం బిల్లుల రూపంలో హాస్పిటల్‌కే ఇస్తుంది. దాని గడువు సెప్టెంబర్‌తో అయిపోతుంటే గర్భనిరోధక మందుల మీద వాదన పెట్టుకుని జూన్ ఆఖరు దాకా లాగారు, చివరికి పొడిగించారు.

సర్క్యూట్ కోర్టు తీర్పు వచ్చిన రోజు రాత్రి నేను చేసిన పని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నోట్‌బుక్ తీసి వరుసగా ఫోన్లు చేశాను, "ఇప్పుడు అప్లై చెయ్యొద్దు, ఎలాగూ డినయల్ వస్తుంది, ఊరికే ఆశ పెట్టుకోవద్దు, ఏదైనా ఉంటే నేనే చెప్తా" అని. మంచికే అనుకున్నా. బడ్జెట్ లేని హెడ్‌కి బిల్లు పెట్టి ఏం లాభం అనే పాత అలవాటు నాతో ఆ మాట చెప్పించింది. పదకొండు మందికి చెప్పాను.

తర్వాతి ఆదివారం మా పాత ఎస్టీవో గారికి ఫోన్ చేశాను, ఇప్పుడు రిటైరై తెనాలిలో ఉంటున్నారు. ఈ కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఏమ్మా, నువ్వు రాజ్యాంగం సెక్షన్లు చెప్తున్నావు, తీర్పు చెప్తున్నావు, అసలు బడ్జెట్ పుస్తకంలో హెడ్ ఏం రాశారో చెప్పలేదే?" అన్నారు.

"హెడ్డే లేదు సార్, తీసేశారు" అన్నాను.

"ఎవరు చెప్పారు? నువ్వు చూశావా? డబ్బు తీసేశారా, హెడ్ తీసేశారా? రెండూ ఒకటి కాదమ్మా. ముందు హెడ్ చదువు, తర్వాతే సెక్షన్."

ఫోన్ పెట్టేసి హౌస్ బిల్ 11 తెరిచాను, సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్ కేటాయింపుల బిల్లు అది. జూలై 1 నుంచి మొదలయ్యే ఏడాదికి. లైన్లు చదువుకుంటూ పోయాను. సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్‌కి, అందులో మో హెల్త్‌నెట్ డివిజన్‌కి, డాక్టర్ల సేవలకి ఇంత, మందులకి ఇంత, హాస్పిటల్‌కి ఇంత. ఏ నిమిత్తం అని ఉంది, ఏ ఫండ్ నుంచి అని ఉంది. ఎవరికి అని లేదు. పాత గ్రూపులకి మాత్రమే అని ఎక్కడా లేదు, 36(సీ) కింద వచ్చేవాళ్లకి వాడకూడదు అని కూడా ఎక్కడా లేదు. రెండోసారి చదివాను. మా ఆయన్ని పిలిచి ఆయన చేత కూడా చదివించాను, నాకేమైనా కనపడట్లేదేమో అని.

మన ట్రెజరీలో దీన్ని ఎలా చూస్తారో చెప్తా. 2210 వైద్యం హెడ్ కింద మందులకి బడ్జెట్ ఉందనుకోండి, హాస్పిటల్‌కి కొత్త వార్డు మంజూరు చేస్తూ ఉత్తర్వు వచ్చింది, ఆ వార్డు కోసమని విడిగా పైసా ఇవ్వలేదు. ఆ వార్డు పేషెంట్‌కి మందులు కొన్న బిల్లు వస్తే ట్రెజరీ ఆపగలదా? హెడ్ మందులకి, బిల్లు మందులకి, బ్యాలెన్స్ ఉంది, పాస్ చెయ్యాల్సిందే. డిసెంబర్ కల్లా బడ్జెట్ అయిపోతే అప్పుడు అడిషనల్ అడుగుతారు, సప్లిమెంటరీలో వస్తుందో రాదో అది వేరే యుద్ధం. అయిపోతుందేమో అని మొదటి రోజే బిల్లు ఆపే అధికారం ఎస్టీవోకి లేదు.

జూలై 22న మిస్సోరీ సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిలూ ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు చదువుతుంటే మా ఎస్టీవో గారి గొంతే వినపడింది. చిన్న తీర్పు. 36(సీ) డబ్బు కేటాయించట్లేదు, కేటాయించి తీరాలని శాసనసభని బలవంతం కూడా చెయ్యట్లేదు, ఎవరు ఎలిజిబులో మాత్రమే చెప్తోంది, కాబట్టి సెక్షన్ 51 దెబ్బ తగలదు. ఎంత ఇవ్వాలి అనే స్వేచ్ఛ శాసనసభకి అలాగే ఉంది. మరి ఈ ఏడాదికి శాసనసభ ఏం చేసింది? మో హెల్త్‌నెట్ కార్యక్రమానికి డబ్బు ఇచ్చింది, ఇచ్చేటప్పుడు వీళ్లకి ఇవ్వొచ్చు వాళ్లకి ఇవ్వొద్దు అని విడదీయలేదు. కాబట్టి డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే అధికారం లేదనడం తప్పు. అమెండ్‌మెంట్ వీళ్లని ప్రోగ్రాంలోకి తెచ్చింది, అప్రోప్రియేషన్ ప్రోగ్రాంకి డబ్బు తెచ్చింది. దీని వెనక ఇంకో సూత్రం ఉంది, 2020లో ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ (కుటుంబ నియంత్రణ క్లినిక్‌ల సంస్థ) కేసులో ఇదే కోర్టు గట్టిగా చెప్పింది, అప్రోప్రియేషన్ బిల్లు డబ్బు కేటాయించడానికే, దాని ద్వారా అసలు చట్టాన్ని మార్చకూడదు. అంటే శాసనసభ "వీళ్లకి ఇవ్వొద్దు" అని బడ్జెట్‌లో స్పష్టంగా రాసినా అది నిలబడటం కష్టం.

నా దృష్టిలో ఈ కేసులో అందరూ పొరపాటు పడింది ఇక్కడే. గవర్నర్ పెట్టిన 1.9 బిలియన్ అంకె తీసేశారు కాబట్టి ఎక్స్‌పాన్షన్‌కి తలుపు మూసేశాం అనుకున్నారు శాసనసభ వాళ్లు. మూసుకుపోయింది అనుకున్నాం మేమూ. వాళ్లు తీసేసింది అదనపు డబ్బునే, తలుపుని కాదు.

పక్క రాష్ట్రం ఓక్లహోమాలో ఇలాంటిదే స్టేట్ క్వశ్చన్ 802, 2020 జూన్ 30న ఒక శాతం కన్నా తక్కువ తేడాతో గట్టెక్కింది, అయినా అక్కడ 2021 జూలై 1న ఠంచనుగా మొదలైపోయింది. మెయిన్ అనే రాష్ట్రంలో 2017లో జనం ఓటేస్తే, డబ్బు కేటాయించేదాకా కదలనని అప్పటి గవర్నర్ కోర్టు దాకా లాగారు, 2019 జనవరిలో కొత్త గవర్నర్ వచ్చాక గానీ అమలవ్వలేదు.

సుప్రీంకోర్టు కేసుని కింది కోర్టుకి తిప్పి పంపితే, ఆగస్టు 10న అదే జడ్జి బీటెం వీళ్లని చేర్చుకోవాల్సిందే అని ఆర్డర్ ఇచ్చారు. డిపార్ట్‌మెంట్ అప్లికేషన్లు తీసుకోవడం మొదలుపెట్టింది, ప్రాసెస్ చెయ్యడం మాత్రం అక్టోబర్ 1 నుంచి, కవరేజ్ జూలై 1కి వెనక్కి వర్తిస్తుంది అన్నారు. తర్వాతి ఏడాది బడ్జెట్‌లో శాసనసభ ఎక్స్‌పాన్షన్‌కి డబ్బు పెట్టింది. మళ్లీ 2022లోనే దీన్ని ఏటా కేటాయింపుకి లోబడేలా రాజ్యాంగం మార్చాలని ఒక తీర్మానం హౌస్‌లో పాసైంది, సెనేట్‌లో ఆగిపోయింది. సిస్టమ్ మాత్రం సిద్ధంగా లేదు. 45 రోజుల్లో తేల్చాల్సిన అప్లికేషన్‌కి 2022 వసంతంలో సగటున 100 రోజులు దాటింది, కేంద్రం జోక్యం చేసుకుని దిద్దుబాటు ప్లాన్ పెట్టించింది. ఆ నెలల్లో ఫోన్ హోల్డ్‌లో పెట్టి మధ్యాహ్నం అన్నం తినడం నాకు అలవాటైపోయింది. 2023కి ఈ గ్రూపులో చేరినవాళ్లు 3 లక్షలు దాటారు.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది కూడా ఇక్కడే చెప్పేస్తా. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది వర్తించదు, హెచ్1బీ వాళ్లకీ వర్తించదు, గ్రీన్‌కార్డ్ వచ్చి ఐదేళ్లు దాటని పెద్దవాళ్లకి మామూలుగా రాదు. ఈ మాట వల్ల కొందరికి నా మీద కోపమొచ్చింది, కానీ అప్లికేషన్ నింపించి డినయల్ తెప్పించడం కన్నా ముందే చెప్పడం నయం అనుకుంటా. ఆ నయం అనుకోవడమే 2021 జూన్‌లో నా చేత తప్పు చేయించింది కాబట్టి ఇప్పుడు ఒకటి కలిపి చెప్తా: చట్టం మీద కోర్టులో కేసు నడుస్తుంటే మాత్రం అప్లికేషన్ పెట్టండి, డినయల్ వచ్చినా పెట్టండి, తేదీ పడనివ్వండి.

తేదీ ఎందుకంటే చెప్తా. 2021లో మెడికెయిడ్‌లో అప్లికేషన్ పెట్టిన నెలకి ముందు మూడు నెలల బిల్లులు కూడా కవరయ్యే వీలుండేది, ఆ నెలల్లో ఎలిజిబులై ఉంటే. నా నోట్‌బుక్‌లో ఒకామె ఉంది, యాభై దాటింది, ముసలివాళ్ల ఇళ్లకెళ్లి స్నానం చేయించి అన్నం పెట్టే పని, ఏడాదికి 11,000 చిల్లర, షుగర్. వాల్‌మార్ట్‌లో సీసా 25 డాలర్లకి దొరికే పాత రకం ఇన్సులిన్ కొనుక్కుని, అది కూడా నెలాఖర్లో సగం డోసు వేసుకునేది. నేను అప్లై చెయ్యొద్దని చెప్పిన పదకొండు మందిలో ఆమె ఒకతి. వినలేదు. జూలై 1న పొద్దున్నే క్లినిక్ తలుపు తీయకముందే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. "నేను ఓటేశాను, ఫారం ఇవ్వు" అంది. ఇచ్చాను. డినయల్ లెటర్ వచ్చింది, ఆ లెటర్ మడతపెట్టి పర్సులో దాచుకుంది. మూడో వారంలో షుగర్ బాగా పెరిగిపోయి ఎమర్జెన్సీలో చేరింది, రెండు రాత్రులు. కోర్టు తీర్పు వచ్చేసరికి ఇంటికొచ్చి పడుకునుంది. ఆగస్టులో మళ్లీ అప్లై చేయించా, అక్టోబర్ చివర్లో అప్రూవల్, జూలై బిల్లు మొత్తం మో హెల్త్‌నెట్ కట్టింది.

ఇంకొకాయన ఉన్నారు, చర్చిలో పార్ట్‌టైమ్ శుభ్రం చేసే పని, అరవై దగ్గర పడ్డాయి. నేను చెప్పిన మాట విన్నారు. ఏదైనా ఉంటే నేనే చెప్తా అన్నాను కదా, ఆ ఫోన్ కోసం ఆగారు. ఆగస్టులో చేశాను, నంబర్ మారిపోయింది, చర్చికి ఒక చీటీ పంపాను, అది ఆయనకి చేరలేదు. నవంబర్ 9న తనంతట తనే క్లినిక్‌కి వచ్చారు, చేతిలో జూలై నెల హాస్పిటల్ బిల్లు, ఛాతీ నొప్పి, ఒక రాత్రి. నవంబర్‌లో పెట్టిన అప్లికేషన్ వెనక్కి లెక్కపెడితే ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, అక్కడితో ఆగిపోతుంది. తొమ్మిది రోజులు ముందొచ్చినా అందేది. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టి చూపించాను, ఆయన కూడా నాతో పాటు లెక్కపెట్టారు. హాస్పిటల్ ఆర్థిక సాయం విభాగానికి ఉత్తరం రాస్తే సగం తగ్గించారు. మిగతా సగానికి నెలకి 40 డాలర్ల వాయిదా, కూపన్ల పుస్తకం ఒకటి పంపారు. అందులో ఇంకా చిరగని కూపన్లు ఉన్నాయి, ఫాలోఅప్‌కి వచ్చినప్పుడల్లా చొక్కా జేబులోంచి తీసి టేబుల్ మీద పెడతారు, నేను వాటిని లెక్కపెట్టి ఆయన ఫైల్‌లో రాసుకుంటాను.